బండి లాగుతోంది గదా!

“బండి లాగుతోంది గదా, ఇంకో పది బస్తాలు పడెయ్!”

ఈ మాట వినబడని కళ్ళం మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండదేమో. మిర్చి టిక్కీలు ఎత్తేచోట ఇదే మాట. పత్తి బోరాలు కట్టేచోట ఇదే మాట. జామాయిల్ తోటలో కర్ర కొట్టి ట్రాక్టరుకెత్తేచోట ఇదే మాట. బరువు ఎక్కువైందేమోనని ఎవరైనా నసిగితే డ్రైవరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “మొన్న ఇంతకంటే ఎక్కువేసుకుపోయాం. టాప్ గేర్లో ఎప్పుడూ పోయే స్పీడుకే పోయింది.”

డ్రైవరు చెప్పింది అబద్ధం కాదు, నూటికి నూరుపాళ్ళూ నిజం. కాని ఆ నిజంలోనించి మనం లాగే అర్థం మాత్రం తప్పు. తప్పంటే పరీక్షలో మార్కులు పోయే తప్పు కాదు, రోడ్డు మీద ప్రాణాలు పోయే తప్పు. సైన్సు చదువుకుంటున్న రైతుబిడ్డగా ఈ సంగతిని మన యూనియన్ సంచిక ద్వారా తోటి విద్యార్థుల ముందు, లెక్చరర్ల ముందు, ఈ కాలేజీలో చదివి వెళ్ళిన పెద్దల ముందు పెట్టాలనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బరువు బండి గరిష్ఠ వేగాన్ని అంతగా తగ్గించదు. అది దెబ్బకొట్టేది త్వరణాన్ని. అనగా బండి కదలడాన్ని, ఎక్కడాన్ని, ఆగడాన్ని. మనమేమో, మనతోపాటు మన చట్టాలూ, పొద్దస్తమానం స్పీడు వంకే చూస్తూ కూర్చున్నాం.

న్యూటన్ మహాశయుడు 1687లో అచ్చువేసిన సూత్రం మనందరికీ తెలిసిందే. బలం = ద్రవ్యరాశి × త్వరణం. ఇంజను ఇచ్చే బలం అంతే ఉండి బండి ద్రవ్యరాశి రెండింతలయితే త్వరణం సగమవుతుంది. ఇంటర్మీడియట్‌లో ఈ లెక్క చేయని వాడు లేడు. అయితే ఈ సూత్రం త్వరణం గురించి చెబుతుందే గాని గరిష్ఠ వేగం గురించి ఒక్క ముక్క చెప్పదు. గరిష్ఠ వేగం అంటే ఏమిటి? ఇంజను తోపుడు, ఎదురొచ్చే నిరోధం సరిసమానమై, త్వరణం సున్నా అయిన చోటు. అక్కడ ద్రవ్యరాశికి నేరుగా పనిలేదు. నిరోధాన్ని ఎంత పెంచిందన్న మేరకే దాని పాత్ర.

నిరోధాలు ముఖ్యంగా రెండు. ఒకటి టైర్ల దొర్లుడు ఘర్షణ. ఇది బరువును బట్టి పెరుగుతుంది. రెండోది గాలి. గాలికి బండి ఎంత బరువో తెలియదు. దానికి తెలిసింది బండి ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఏ ఆకారం అన్నదే. పైగా వేగం రెండింతలయితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే మెయిన్ రోడ్డు మీద జోరుగా పోయే లారీకి అడ్డుతగిలేది చాలావరకు గాలే. పత్తి బోరాలు ఆకాశమంత ఎత్తు పేర్చిన లారీకి బరువు తక్కువైనా గాలి దెబ్బ ఎక్కువ. మిర్చి లారీకి గాలి తక్కువ, బరువు ఎక్కువ. రెండూ ఇంచుమించు ఒకే స్పీడుతో పోతుంటే చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

నోటిమాటగా కాకుండా ఒక లెక్క వేద్దాం. రెండు ఇరుసుల లారీ ఒకటుంది. సరుకుతో కలిపి 18.5 టన్నులు. చక్రాల దగ్గరికి చేరే సామర్థ్యం 100 కిలోవాట్లనుకుందాం. గాలికి, టైర్లకు మామూలుగా పుస్తకాల్లో ఉండే విలువలే తీసుకుని లెక్కగడితే, చదునైన రోడ్డు మీద దాని గరిష్ఠ వేగం గంటకు సుమారు 91 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు అదే లారీని 24 టన్నులకు నింపుదాం. అనగా బరువు 30 శాతం పెంచాం. గరిష్ఠ వేగం ఎంతకు పడింది? సుమారు 87కు. తగ్గింది అయిదు శాతం మాత్రమే!

మరి త్వరణం? గంటకు 72 కిలోమీటర్ల వేగం దగ్గర మొదటి లారీకి గాలికీ టైర్లకూ పోగా మిగిలే సామర్థ్యం 40 కిలోవాట్లు. రెండోదానికి 31 మాత్రమే. మిగిలిందే తక్కువ, మోయవలసిందేమో ఎక్కువ. రెండు దెబ్బలూ కలిసి త్వరణం 40 శాతం పడిపోతుంది. బరువు 30 శాతం పెంచితే గరిష్ఠ వేగం 5 శాతం పోయింది, త్వరణం 40 శాతం పోయింది. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు, మిగతా వ్యాసమంతా మరచిపోయినా నాకు విచారం లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సరుకు లారీలకు స్పీడు గవర్నరు బిగించి 80 దాటనివ్వకూడదని ఇప్పటి నిబంధన. మంచిదే. కాని 91 పోగలిగిన లారీని, 87 పోగలిగిన లారీని రెండింటినీ 80 దగ్గర కట్టేస్తే ఏమైంది? ఉన్న ఆ కాస్త తేడా కూడా కళ్ళకు కనబడకుండా పోయింది. స్పీడు ముల్లు రెండు లారీల్లోనూ 80 దగ్గరే నిలబడుతుంది. డ్రైవరుకు “ఏం ఫర్లేదు” అనిపిస్తుంది.

ట్రాక్టరు సంగతి ఇంతకంటే విచిత్రం. ట్రాక్టరు గరిష్ఠ వేగాన్ని నిర్ణయించేది గాలీ కాదు, బరువూ కాదు. డీజిల్ ఇంజను ఇన్ని చుట్లకు మించి తిరక్కుండా దానిలోనే గవర్నరు ఉంటుంది. ఆ చుట్లను గేర్లు తగ్గించి పెద్ద చక్రాలకు అందిస్తాయి. అందుకే టాప్ గేర్లో గంటకు సుమారు 30 కిలోమీటర్లు, అంతే. వెనక ట్రక్కు ఖాళీగా ఉన్నా ముప్ఫయ్యే, అయిదు టన్నుల జామాయిల్ కర్ర ఉన్నా చదును రోడ్డు మీద కాస్త ఆలస్యంగా ఆ ముప్ఫయ్యికే చేరుతుంది. డ్రైవరు చెప్పిన నిజం ఇదన్నమాట. “కాస్త ఆలస్యంగా” అన్న ముక్క మాత్రం అతను చెప్పడు. ప్రాణం మీదికొచ్చేది ఆ ముక్క దగ్గరే.

ఎక్కడో ఎందుకు, మా సింగరాయకొండనే తీసుకోండి. మద్రాసు నించి కలకత్తా పోయే జాతీయ రహదారి మా ఊరిని ఆనుకునే పోతుంది. ఒకప్పుడు 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు. స్వర్ణ చతుర్భుజి పథకంలో అది వెడల్పయినప్పుడు ఊళ్ళు ఒక పక్క, పొలాలు ఒక పక్క అయిపోయినవి ఈ దారి పొడవునా ఎన్నో ఉన్నాయి. పొగాకు బేళ్ళు టంగుటూరు వేలం కేంద్రానికి పోవాలన్నా, మిర్చి గుంటూరు యార్డుకు పోవాలన్నా, కర్ర కాటాకు పోవాలన్నా ఏదో ఒకచోట ఆ రోడ్డెక్కాలి, లేదా ఆ రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద కార్లకు అనుమతించిన వేగం 2018 నించి గంటకు 100 కిలోమీటర్లు. దాటేవాడిది ట్రాక్టరు.

ఇప్పుడీ లెక్క చూడండి. ట్రాక్టరు 2 టన్నులు, ఖాళీ ట్రక్కు ఒకటిన్నర టన్ను, మొత్తం 3.5 టన్నులు. అందులో 5 టన్నుల సరుకు వేస్తే 8.5 టన్నులు. నిలబడ్డ చోటు నించి బయల్దేరేటప్పుడు చక్రాల దగ్గర సగటున 3,000 న్యూటన్ల తోపుడు ఉందనుకుందాం. దొర్లుడు ఘర్షణ బరువులో నూటికి రెండు వంతులు. రోడ్డు ఈ అంచు నించి ఆ అంచుకు 25 మీటర్లు. ట్రాక్టరు ముక్కు నించి ట్రక్కు తోక దాకా 8 మీటర్లు. తోక కూడా క్షేమంగా దాటాలంటే బండి 33 మీటర్లు నడవాలి.

ఖాళీ బండికి ఘర్షణ 700 న్యూటన్లు పోను 2,300 మిగులుతాయి. దాటడానికి పట్టే కాలం 10 సెకన్లు. సరుకు బండికి ఘర్షణకే 1,700 పోతాయి. మిగిలేది 1,300. దాంతో 8.5 టన్నులు కదలాలి. పట్టే కాలం దాదాపు 21 సెకన్లు. రెండింతలు!

వందలో వచ్చే కారు 10 సెకన్లలో 278 మీటర్లు వస్తుంది. 21 సెకన్లలో 580 మీటర్లు దాటి వస్తుంది. ఇప్పుడు కారు 400 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఖాళీ ట్రక్కుతో వెళ్ళేవాడికి అది చాలినంత దూరం. సరుకుతో వెళ్ళేవాడికి అది చావు. రోడ్డు అదే, ట్రాక్టరు అదే, డ్రైవరు అతనే, కారు కనబడ్డ దూరం కూడా అదే. పొద్దున ఖాళీగా పోయేటప్పుడు “దాటొచ్చులే” అని చెప్పిన కన్నే, సాయంత్రం సరుకుతో వచ్చేటప్పుడూ “దాటొచ్చులే” అంటుంది. కంటికి దూరం కనబడుతుంది, వేగం కొంత కనబడుతుంది, వెనకున్న ద్రవ్యరాశి కనబడదు. పోనీ మధ్యలో డివైడరు దగ్గర ఆగుదామంటే ఎనిమిది మీటర్ల బండి ఆ సందులో ఇమడదు. తోక రోడ్డు మీదే ఉంటుంది.

ఇది చదును నేల లెక్క. హైవే సాధారణంగా పక్క పొలాల కంటే ఎత్తులో ఉంటుంది. డొంక దారి నించి దాని మీదికి ఎక్కుతూ పోవాలి. ఇరవై అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే వాలైతే, 8.5 టన్నుల బండిని వెనక్కి లాగే బలం ఒక్క వాలు వల్లనే 4,250 న్యూటన్లు. పైన చెప్పుకున్న 3,000 న్యూటన్ల తోపుడుతో అది కదలనే కదలదు. చిన్న గేరు వెయ్యాల్సిందే. చిన్న గేర్లో బలం పెరుగుతుంది, వేగం చచ్చిపోతుంది. ఏకంగా వాలు మీది నించే రోడ్డు దాటడం మొదలుపెట్టినవాడికి పట్టేది ఆ 21 సెకన్లు కూడా కాదు, అంతకు మించే.

బలం, వేగం — ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలన్న ఈ న్యాయం రైలుకట్ట మీద ఇంకా బాగా కనబడుతుంది. మా స్టేషన్ విజయవాడ-గూడూరు లైన్లో ఉంది. లూపులైన్లో గూడ్సు బండిని నిలబెట్టి మెయిన్ లైన్లో ఎక్స్‌ప్రెస్‌ని పంపించడం రోజూ చూసే దృశ్యమే. గూడ్సును లాగే డబ్ల్యు.ఏ.జి.-9 ఇంజను, ఎక్స్‌ప్రెస్‌ని లాగే డబ్ల్యు.ఏ.పి.-7 ఇంజను ఒక తల్లి బిడ్డలే. రెండూ సుమారు 123 టన్నుల బరువు. రెండింటి సామర్థ్యం ఆరువేల హార్స్ పవరు పైచిలుకే. తేడా ముఖ్యంగా గేర్ల నిష్పత్తిలో. వేల టన్నులు లాగవలసినదానికి బలమెక్కువ వచ్చే గేరు పెట్టి వేగాన్ని 100 దగ్గర ఆపారు. తేలిక బండి లాగేదానికి వేగం గేరు పెట్టి 140కి పంపారు. రైల్వేవారు బండి బరువెంతో ముందు లెక్కగట్టి, దానికి తగిన ఇంజను తగిలించి, అది ఎంత దూరంలో ఆగుతుందో చూసి సిగ్నళ్ళు పెట్టుకున్నారు. రోడ్డు మీద మాత్రం ఒకే ట్రాక్టరు పొద్దున ఎక్స్‌ప్రెస్, సాయంత్రం గూడ్సు. సిగ్నలేమో డ్రైవరు కన్ను!

ఇక ఆగడం గురించి. ఇక్కడ మన సైన్సు విద్యార్థులకు ఒక హెచ్చరిక. బ్రేకు వేసిన బండి ఆగే దూరం ద్రవ్యరాశి మీద ఆధారపడదని, సమీకరణంలో రెండు పక్కలా ద్రవ్యరాశి కొట్టుకుపోతుందని మనం పాఠంలో చదివాం. నిజమే. కాని ఆ పాఠం ఒక షరతు మీద నిలబడింది. బండి బరువు మోసే చక్రాలన్నింటికీ బ్రేకులుండాలి. మన ట్రాక్టరు బ్రేకులు ట్రాక్టరు వెనక చక్రాలకే ఉంటాయి. వెనక తగిలించే ట్రక్కుల్లో బ్రేకులుండేవి ఎన్ని? మన పల్లెల్లో తిరిగేవాటిని చూసినవారెవరికైనా జవాబు తెలుసు. ఆపే బలం ఆ రెండు చక్రాలది, ఆగవలసిన బరువు మొత్తం బండిది. అందుకని ద్రవ్యరాశి ఎక్కడా కొట్టుకుపోదు, నెత్తినే కూర్చుంటుంది. పైన చెప్పిన బండే గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఉండగా వెనక చక్రాల మీద 1.3 టన్నుల బరువు, పొడి రోడ్డు అనుకుని లెక్కిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు 10 మీటర్లలో ఆగుతుంది. సరుకుంటే 21 మీటర్లు దాటాలి. గట్టిగా తొక్కితే వెనక ట్రక్కు ముందుకు తోసి ట్రాక్టరును అడ్డం తిప్పే ప్రమాదం వేరే.

ఇంతా చదివి బరువంటేనే శత్రువనుకోకండి. దుక్కి దున్నేటప్పుడు చక్రాలు జారకుండా ట్రాక్టరు వెనక చక్రాలకు ఇనప దిమ్మలు బిగిస్తాం, టైర్లలో నీళ్ళు నింపుతాం. నేలను పట్టుకోవాలంటే బరువు కావాలి. రైలింజను 123 టన్నులుండటం కూడా అందుకే. తేలికపాటి ఇంజనుకు ఎన్ని హార్స్ పవర్లున్నా పట్టా మీద చక్రాలు ఊరికే తిరుగుతాయి. లాగే చక్రం మీది బరువు మిత్రుడు. బ్రేకు లేని చక్రం మీది బరువు శత్రువు. ఈ వివేకం మన పెద్దలకు లేకపోలేదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూడండి. పళ్ళను బట్టి జతలను విభాగాలు చేస్తారు. ఏ విభాగానికి ఎంత బరువు బండో ముందే ఖాయం చేస్తారు. ఆ బండను ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలిచి బహుమతి ఇస్తారు. బరువు, దూరం, కాలం మూడూ కొలత ప్రకారమే. గొడ్డు మీద ఉన్న ఈ శ్రద్ధ ట్రాక్టరు మీదికి వచ్చేసరికి ఏమైపోయిందని అడుగుతున్నాను.

విచిత్రమేమిటంటే ఇదే రహదారి మీద ఇంకో రకం వాహనానికి గ్రాముల్లో లెక్క ఉంది. యుద్ధమో తుఫానో వచ్చినప్పుడు విమానాలు దిగడానికి 16వ నెంబరు రోడ్డు మీదనే అత్యవసర రన్‌వేలు కట్టారు. ఒకటి కొరిశపాడు దగ్గర, ఒకటి మా సింగరాయకొండ దగ్గర. 2024 మార్చి 18న కొరిశపాడు దగ్గర వైమానికదళం ట్రయలు జరిపింది. ఏ.ఎన్.-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి తిరిగి ఎగిరాయి. సుఖోయ్, హాక్ విమానాలు నేలను తాకకుండా కిందికొచ్చి వెళ్ళాయి. ఏ.ఎన్.-32 అన్నింటితో కలిపి 27 టన్నులకు మించి ఎగరకూడదు. రన్‌వే ఎంత పొడవు, ఎండ ఎంత, గాలి ఎటు అని చూసి, అందుకు తగినట్టు బరువు లెక్కగట్టిగాని పైలట్ బయల్దేరడు. ఎందుకంటే బరువు పెరిగితే త్వరణం తగ్గుతుంది, పైకి లేవడానికి కావలసిన వేగం కూడా పెరుగుతుంది, పరుగు పొడవు రెండు రకాలా పెరుగుతుంది. రన్‌వే అయిపోయేలోగా లేవకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. మన ట్రాక్టరు డ్రైవరుకు ఆ పాతిక మీటర్ల రోడ్డే రన్‌వే. కారు వచ్చేలోగా అతనూ అవతలి ఒడ్డు చేరాలి. కాని అతనికి బరువు లెక్క చెప్పేవారెవరు?

చట్టం ఏమీ చేయడం లేదని అనను. 2018 జులైలో కేంద్రం లారీల బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నులున్నది 18.5 అయింది, మూడు ఇరుసులదానికి 25 ఉన్నది 28.5 అయింది. మరుసటి ఏడాది మోటారు వాహనాల చట్టాన్ని సవరించి అధిక బరువుకు జరిమానాను 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు చేసింది. జరిమానా భయం కొంత పనిచేస్తుంది, కాదనను. కాని జరిమానాతోనే అంతా అయిపోతుందనుకునేవారు రైతు వైపు నించి కూడా చూడాలి.

రైతు బరువెక్కువ వేసేది దురాశతోనని పట్నంలో కూర్చుని అనేవాళ్ళున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ట్రాక్టరు కిరాయి ట్రిప్పు లెక్కన. రెండు ట్రిప్పుల సరుకు ఒక ట్రిప్పులో పోతే ఒక కిరాయి మిగిలింది, డీజిలు మిగిలింది, ఒక పూట మిగిలింది. మిర్చి ధర ఏ రోజు ఎటు పోతుందో తెలియని రైతుకు ఆ మిగులే లాభం. ఆకాశం మబ్బుపట్టి కళ్ళంలో కాయ ఆరబోసి ఉన్నప్పుడు “బరువు సూత్రం ప్రకారం రెండు ట్రిప్పులు వెయ్యి” అంటే ఎవడు వింటాడు? కాబట్టి తప్పంతా రైతు మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు. అలాగని “మా కష్టం మాది, మా బండి మా ఇష్టం” అని మనవాళ్ళు అంటే అదీ కుదరదు. రోడ్డు మీద ఎదురొచ్చే మోటారు సైకిలువాడి కష్టం కూడా కష్టమే గదా.

సరుకు మాట అటుంచి మనుషుల మాటకొద్దాం. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిర్చి కోతకు పోయి ఇంటికి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తొమ్మిది మంది కూలీల ప్రాణాలు పోయాయి. అక్కడ బరువే చంపిందని నేను చెప్పడం లేదు, చంపింది కరెంటు. నేననేది ఏమంటే, సరుకు మోయడానికి చేసిన బండిలో, పట్టుకోవడానికి కడ్డీ లేని చోట, ముప్ఫయ్యేసి మందిని ఎక్కించడం మనకు అలవాటైపోయింది. మనుషుల బరువు సరుకు బరువులాంటిది కాదు. అది కదులుతుంది. మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది. బ్రేకు వేస్తే ముందుకు పడుతుంది. మిర్చి బస్తా పడితే కాయ చెదురుతుంది. అక్క పడితే ఏమవుతుంది?

విమర్శించడం సులువు, మరి ఏం చెయ్యాలంటావని మీరడగవచ్చు. నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, ట్రక్కుకు బ్రేకు. ట్రాక్టరు కొనడానికి అప్పులిచ్చే బ్యాంకులు, రాయితీలిచ్చే ప్రభుత్వం, బ్రేకులున్న ట్రక్కుకే అప్పు, రాయితీ అని ఒక్క షరతు పెడితే కొన్నేళ్ళలో పల్లెల రూపు మారుతుంది. వెనకవైపు రాత్రిపూట మెరిసే రేకు కూడా ఉండాలి.

రెండోది, కాటా చీటీ. మన ప్రాంతంలో కర్రకు, పొగాకుకు, మిర్చికి కాటాలు కొత్త కాదు. కాటా వేసేది డబ్బు లెక్క కోసమే. అదే చీటీ మీద ఖాళీ బండి బరువు, సరుకు బండి బరువు కనబడుతూనే ఉంటాయి. డ్రైవరు దాన్ని జేబులో పెట్టుకునే ముందు ఒక్కసారి చూసుకోవాలి. ఖాళీ బండికి రెండున్నర రెట్లు బరువుంటే, దాటడానికి రెండింతల సమయం పడుతుంది. ఈ ఒక్క ముక్క బండ గుర్తుగా చెబితే చాలు. సూత్రాలు అక్కర్లేదు.

మూడోది, రోడ్డు కింద నించి దారి ఉన్నచోట సరుకు బండి పైన దాటకూడదు. కిలోమీటరు చుట్టు తిరిగినా సరే. ముప్ఫయ్యిలో పోయే బండికి కిలోమీటరంటే రెండు నిమిషాలు. అటువంటి దారి లేని ఊళ్ళలో దాన్ని కట్టించమని అడగవలసింది పంచాయతీలు, రైతు సంఘాలు. “ప్రమాద స్థలం, నెమ్మదిగా పోవుడు” అన్న బోర్డు అందుకు సమాధానం కాదు. నెమ్మదిగా పోవడమే కదా అక్కడి ప్రమాదం!

నాలుగోది మనం చేయవలసింది. ప్రతి ఏటా ఎన్.యస్.యస్. క్యాంపులో రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. మంచి పనులే. ఈసారి క్యాంపు హైవే పక్క ఊళ్ళో పెట్టుకుందాం. ఫిజిక్స్ ల్యాబులో స్టాప్‌వాచీలున్నాయి. ట్రాక్టర్లు దాటే చోట దూరంగా చెట్టుకింద కూర్చుని, ఖాళీ బండికి ఎన్ని సెకన్లు, సరుకు బండికి ఎన్ని సెకన్లు అని నాలుగు రోజులు రాసుకుందాం. నేను పైన కాగితం మీద వేసిన లెక్కలో తోపుడు, ఘర్షణ అన్నీ అనుకున్న విలువలు. నేల మీద కొలిచిన అంకెలకు విలువెక్కువ. ఆ అంకెలతో ఒక పటం గీసి పంచాయతీ ఆఫీసులో, రైతుల మీటింగుల్లో పెట్టేదాకా, రహదారి అధికారుల బల్ల మీద పెట్టేదాకా మనం పూనుకుంటే, మూడేళ్ళు చదివిన చదువు ఊరికి ఒక పూటైనా అక్కరకొచ్చినట్టవుతుంది. మన లెక్చరర్లు ఇందుకు దారి చూపిస్తారనీ, ఇంజనీర్లుగా, ఆఫీసర్లుగా పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తారనీ నా ఆశ.

సైన్సంటే అమెరికాలో రాకెట్లు ఎగరేసేవారి సొత్తని మనలో చాలామంది అనుకుంటున్నాం. మనం బట్టీపట్టి వదిలేసిన సూత్రమే రోజూ సాయంత్రం మన అన్నదమ్ముల ట్రాక్టరు మీదెక్కి హైవే దాటుతోంది. “బండి లాగుతోంది గదా” అని ఎవరైనా అంటే ఇకనించి మనమిచ్చే జవాబు ఒకటే కావాలి: లాగుతుంది బాబాయ్, కాదనను. ఎంతసేపట్లో కదులుతుంది, ఎంత దూరంలో ఆగుతుంది, అది చెప్పి అప్పుడు వెయ్యి ఆ పది బస్తాలు.

— బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి, సింగరాయకొండ